పాలపిట్టకు ఇంగ్లీషు పేరు



దసరా నాడు మన నల్లగొండ, పాలమూరు పల్లెల్లో జమ్మిచెట్టుకు పూజ కాగానే జనం పాలపిట్టను చూడటానికి ఊరి పొలిమేర దాకా వెళ్తారు. అజ్ఞాతవాసం ముగించి వస్తున్న పాండవులకు ఈ పిట్ట ఎదురైందనీ, అందుకే దాన్ని చూస్తే జయమనీ పెద్దలు చెబుతారు. పట్నంలో కాపురాలు పెట్టినా మనకు ఆ ముచ్చట తీరలేదు.

మరి మీ అబ్బాయి ఇంగ్లీషు పుస్తకం తెచ్చి, "అమ్మా, పాలపిట్టను ఇండియన్ రోలర్ అన్నారేమిటి? రోడ్డు రోలరులాగానా?" అని అడిగితే ఏం చెబుతారు?

ఈ మాట జర్మన్ భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చింది. దొర్లేది అని అర్థం. ఎండాకాలంలో జతకట్టే రోజుల్లో ఈ పిట్ట పైకెగిరి, అటూ ఇటూ దొర్లుతూ కిందికి దిగుతుంది. ఐరోపాలో ఉండే దీని చుట్టపు పిట్టకూ ఇదే అలవాటు. పేరు ముందు దానిదే, తర్వాత మన పిట్టకూ వచ్చింది.

మన దేశంలోని దొరలు దీన్ని 'బ్లూ జే' అని కూడా అనేవారు. ఆ 'జే'కూ మన జయానికీ సంబంధం లేదు. అది ఫ్రెంచి నుంచి వచ్చిన వేరే పిట్ట పేరు. ఆ పిట్టది కాకుల కుటుంబం. మన పాలపిట్ట కాకి జాతి కానే కాదు.

మరి మన పేరో? మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన జెర్డన్ 1862లో అచ్చయిన తన పక్షుల గ్రంథంలో ఒక సంగతి రాశాడు. ఆవు పాలు తగ్గిస్తే ఈ పిట్ట ఈకను తరిగి గడ్డిలో కలిపి పెడితే పాలు పెరుగుతాయని తెలుగువాళ్ళ నమ్మకమట. చూశారా, దొరలు పిట్ట ఆటను చూసి పేరు పెడితే, మనవాళ్ళు ఇంట్లో పాడిని తలుచుకుని పెట్టుకున్నారు!

ఇప్పుడు అసలు మాట. దసరాకు పాలపిట్టను పంజరంలో పెట్టి, కాళ్ళు కట్టి, వీధుల్లో చూపించి డబ్బులు అడిగేవాళ్ళుంటారు. శకునం కదా అని మనమే ఇస్తాం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టడం నేరం. పైగా కూర్చున్న పాలపిట్ట మట్టిరంగు పిట్టే. రెక్క విప్పితేనే ఆ నీలం మెరిసేది. కట్టేసిన పిట్టలో దొర్లడమూ లేదు, మెరుపూ లేదు. ఇంక చూసేదేముంది?

ఈ దసరాకు పిల్లల్ని ఊరి బయటికి తీసుకెళ్ళండి. ఆముదపు చేల పక్కన కరెంటు తీగ మీద మిడతల కోసం కాచుక్కూర్చుని ఉంటుంది. అది ఎగిరేదాకా ఓపిక పట్టండి. శకునమంటే అదీ!