జాషువా చెప్పిన గజనీ కథ

గుర్రం జాషువా ‘ఫిరదౌసి’ 1932 నాటి కావ్యం. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి, పారశీక ముస్లిం మహాకవి జీవితాన్ని తెలుగు పద్యాల్లో చెప్పాడు. జాషువా 1895లో వినుకొండలో జన్మించాడు. తండ్రి యాదవుడు, తల్లి మాదిగ, ఇద్దరూ క్రైస్తవులు. పద్యం రాస్తే ఇతనికెందుకని అగ్రవర్ణ పండితులు ఈసడించారు, పురాణ కథలు ముట్టుకుంటే క్రైస్తవులూ నొచ్చుకున్నారు.

కథ గజనీ మహమూదు కొలువులోది. ఫిరదౌసి రాసిన ‘షానామా’ కావ్యానికి పద్యానికో బంగారు నాణెం ఇస్తానన్న సుల్తాను, ఏళ్ల శ్రమ ముగిశాక వెండి పంపించాడు. పన్నెండో శతాబ్దపు పారశీక రచయిత నిజామీ అరూజీ రాసిన ప్రకారం, ఫిరదౌసి ఆ సొమ్మును స్నానశాలలోనే పంచిపెట్టేసి పారిపోయాడు. పశ్చాత్తాపపడ్డ సుల్తాను చివరికి అరవై వేల దీనార్ల విలువైన నీలిమందును ఒంటెల మీద పంపాడు. ఒంటెలు కవి ఊరైన తూసు పట్టణంలోకి ఒక ద్వారం గుండా వస్తుంటే, కవి శవం మరో ద్వారం గుండా బయటికి వెళ్తోందట. కూతురు ఆ కానుకను ముట్టుకోలేదు. ఇది చరిత్ర కన్నా ఐతిహ్యమే ఎక్కువ. తెలుగు పాఠకుడికి సోమనాథ్ దండయాత్రతోనే తెలిసిన మహమూదు, జాషువా చేతిలో కవికి మాట తప్పిన రాజుగా నిలిచాడు. అవమానపడ్డ కవి బాధలో జాషువా సొంత బాధే పలికిందని చదివినవారికి తోచక మానదు.

ఇస్లాం చరిత్ర తెలుగు నోటికి అప్పటికే అలవాటు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు పల్లెల్లో పీరీల పండుగ (మొహర్రం) నాడు అలావ అనే నిప్పుల గుండం చుట్టూ ఆడుతూ ప్రవక్త మనవలు హసన్, హుసేన్‌ల కథ పాడేవారిలో హిందువులూ ఉంటారు. అది ఊరి పాట. జాషువాది వృత్తాల్లో నడిచిన పండిత కావ్యం. రెంటికీ దారులు వేరు. అరబ్బీలోనూ జాషువాలాంటి కవి ఉన్నాడు. లెబనాన్ క్రైస్తవుడు, న్యాయమూర్తి బులుస్ సలామా ‘ఈద్ అల్ గదీర్’ పేరుతో హసన్, హుసేన్‌ల తండ్రి హజ్రత్ అలీ మీద, ఆయన వంశం మీద సుదీర్ఘ కావ్యం రాశాడు.

జాషువా ఫిరదౌసితో ఆగలేదు. 1943లో ‘ముంతాజ్ మహలు’ రాశాడు. ‘క్రీస్తు చరిత్ర’ మాత్రం 1958లో గానీ రాలేదు. దానికే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దక్కింది.