వెన్నుపూసల గుండె కొలమానం

కుక్కలకు, పిల్లులకు గుండె పెరిగిందో లేదో మామూలు ఎక్స్‌రే మీదే, ఆ జంతువు వెన్నుపూసలను కొలబద్దగా పెట్టుకుని తేల్చే పద్ధతి ఇది.

మనుషులకైతే గుండె వెడల్పును ఛాతీ వెడల్పుతో పోల్చి చూడటం 1919 నాటికే ఉంది. కుక్కల్లో ఆ లెక్క నిలబడలేదు. గ్రేహౌండ్‌ది లోతైన, సన్నని ఛాతీ. బుల్‌డాగ్‌ది పీపాలాంటి ఛాతీ. దానికి బదులు, గుండె ఎన్ని పక్కటెముకల సందులను ఆక్రమించిందో లెక్కపెట్టేవారు. రెండున్నర నుంచి మూడున్నర దాకా ఉంటే మామూలే అనుకునేవారు. కానీ ఊపిరి పీల్చినప్పుడొక లెక్క, వదిలినప్పుడొక లెక్క వచ్చేది. చివరికి డాక్టరు అనుభవమే దిక్కు.

1995లో జేమ్స్ బ్యుకానన్, యోర్గ్ బ్యూషెలర్ ఈ చిక్కు విప్పారు. ఛాతీ ఆకారం ఎలా ఉన్నా, గుండె పరిమాణానికీ వెన్నుపూసల పొడవుకూ పొంతన ఉంటుందని ఆరోగ్యంగా ఉన్న 100 కుక్కల ఎక్స్‌రేలతో చూపించారు. పక్కకు పడుకోబెట్టి తీసిన ఎక్స్‌రేలో, శ్వాసనాళం చీలే చోటి నుంచి గుండె కొన దాకా కాలిపర్ పెట్టి నిడివి తీస్తారు. దానికి అడ్డంగా, గుండె బాగా వెడల్పైన చోట మరో కొలత. ఆ రెండింటినీ ఛాతీ భాగంలోని నాలుగో వెన్నుపూస ముందు అంచు నుంచి వెనక్కి పరిచి, ఎన్ని పూసలు పట్టాయో లెక్కిస్తారు. నిడివి 5.4, వెడల్పు 4.4 అయితే మొత్తం 9.8. వారు చూసిన కుక్కల సగటు 9.7, చాలా జాతులకు 10.5ను పై హద్దుగా సూచించారు. ఖరీదైన యంత్రమేదీ అక్కర్లేకుండా చిన్న క్లినిక్‌లోని డాక్టరు చేతికి ఒక అంకె అందించడమే ఈ పద్ధతి గొప్పతనం.

2000లో పిల్లులకూ ఇదే కొలత కట్టారు: సగటు 7.5.

అయితే ఒకే హద్దు అన్ని జాతులకూ సరిపోదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. బుల్‌డాగ్, పగ్ లాంటి పొట్టి ముక్కు కుక్కల్లో వంకర తిరిగిన, కురచైన పూసలు తరచుగా కనిపిస్తాయి. పూస పొట్టిదైతే గుండె మామూలుగానే ఉన్నా అంకె పెరుగుతుంది. అలాంటి కుక్కకు 10.5 దాటిందని గుండె మందు మొదలుపెట్టడం తప్పు. జాతికి తగిన హద్దుతో, వీలైతే అదే కుక్క పాత ఎక్స్‌రేతో పోల్చాలి.

2016లో వెలువడిన ఎపిక్ అనే పరిశోధనలో, గుండె కవాటం చెడినా ఇంకా లక్షణాలు కనబడని కుక్కలను ఎంపిక చేయడానికి అల్ట్రాసౌండ్ కొలతలతోపాటు ఈ అంకె 10.5 దాటి ఉండాలన్న షరతూ పెట్టారు. 2018లో ఎడమ కర్ణికను మాత్రమే పూసలతో కొలిచే పద్ధతి వచ్చింది. కవాట వ్యాధి ఉన్న కుక్కల్లో అది 2.3 పూసలు, ఆపైన ఉంటే కర్ణిక ఉబ్బిందని అనుమానిస్తారు.