సీమశిలలందు ధర్మమూలవిచారము

ఈశ్వరునియందు నమ్మకము లేనివానికి నీతి యెక్కడిదని యొకరడుగుదురు. ఈశ్వరుని నమ్మినవాఁడు చేసిన క్రౌర్యమునకు మూలమేదని వేఱొకరు ప్రత్యుత్తర మిత్తురు. ఈ వివాదము తర్కగ్రంథములందే యున్నదని తలఁచుట పొరపాటు. కర్నూలు కడప మండలముల శిలలపై నిది యించుమించు పదునెనిమిది శతాబ్దముల విస్తృతిలో వ్రాయఁబడి యున్నది. శాస్త్రగ్రంథము మనుష్యుఁ డేమి నమ్మవలయునో చెప్పును. శాసనము నమ్మినవాఁ డేమి చేసెనో, చేసినదానిలో దేనిని లోకమునకుఁ జాటుకొనఁ దలఁచెనో చెప్పును. నీతివిచారమునకు రెండవసాక్ష్యమే బలవత్తరము.

ముందుగా నాస్తికశబ్దమును గూర్చి కొంత చెప్పవలసి యున్నది. పాణిని మతమున పరలోకము లేదని తలఁచువాఁడు నాస్తికుఁడు. మనువు మతమున వేదనిందకుఁడు నాస్తికుఁడు. నేఁటివాడుకలో నీశ్వరుఁడు లేఁడనువాఁడు నాస్తికుఁడు. ఈ మూఁడును వేఱువేఱు ప్రశ్నలు. పూర్వమీమాంసకులు జగత్కర్త నంగీకరింపరు. అయినను వేదప్రామాణ్యమునకు వారికంటె గట్టివాదులు లేరు. ఈశ్వరకృష్ణుని సాంఖ్యకారికలం దీశ్వరునకుఁ జోటు లేదు. సాంఖ్యులను నీతిబాహ్యు లన్నవారును లేరు. జైనులు, బౌద్ధులు మనువు మాటచొప్పున నాస్తికులు, పాణిని మాటచొప్పున నాస్తికులు కారు. అన్నివిధముల నాస్తికుఁడైనవాఁడు చార్వాకుఁ డొక్కఁడే. అతని మతము ప్రత్యర్థులు ఖండించుటకై యెత్తి వ్రాసిన మాటలలోనే విశేషముగా మిగిలినది. చార్వాకుఁడు కట్టించిన గుడి లేదు, వేయించిన శాసనము లేదు. పరలోకఫలము నాశింపనివాఁడు ఱాతిపై వ్యయము చేయకుండుట వింత గాదు. కావున సీమశిలలందు వెదకవలసినది చార్వాకుని గాదు, జగత్కర్తను ధర్మమునకు మూలముగాఁ గొననివారిని.

అట్టివానిలోఁ బ్రాచీనతమ మెఱ్ఱగుడి శాసనము. గుత్తినుండి పత్తికొండకుఁ బోవుమార్గమున నున్న యీ గ్రామసమీపపు గుండ్లపై నశోకుని శాసనములు గలవని 1929లో అనూఘోష్ అను భూగర్భశాస్త్రజ్ఞుఁడు కనుఁగొనెను. పదునాలుగు ప్రధానశిలాశాసనములును, రెండు లఘుశాసనములును నొక్కచోటనే యున్నవి. లఘుశాసనమునఁ గొన్ని పంక్తు లెడమనుండి కుడికిని, కొన్ని కుడినుండి యెడమకును నడచును. ఎద్దులు సాలు చివర మఱలినట్లు వ్రాఁత మఱలినది. మెట్టసేద్యపు సీమలో నీ పోలిక యెవరికిని విప్పిచెప్పవలసిన పని లేదు.

రెండవ లఘుశాసనమున విధింపఁబడిన ధర్మము మిక్కిలి సాదా యైనది. తలిదండ్రులకును పెద్దలకును శుశ్రూష చేయవలయును, ప్రాణులయెడ దయ యుండవలయును, సత్యమునే పలుకవలయును, శిష్యుఁ డాచార్యుని గౌరవింపవలయును, బంధువులయెడఁ దగిన రీతి నడవవలయును. ఏనుఁగుల నెక్కువారు, కరణములు, బ్రాహ్మణులు మొదలగువారు తమ తమ శిష్యులకు దీనిని బోధింపవలయునని కలదు. ఈ ధర్మ మేల యాచరింపవలయునన్నచో శాసనము చెప్పు కారణము విచారింపఁదగినది: ఇది పూర్వమునుండి వచ్చిన నడవడి, దీర్ఘాయువు నిచ్చునది. ఏ దేవుఁడును దీనిని విధించినట్లు చెప్పఁబడలేదు. అశోకుఁడు తన్ను దేవతలకుఁ బ్రియుఁడనని చెప్పుకొన్నవాఁడే. స్వర్గమును, పరలోకసుఖమును నతఁడు పలుమాఱు పేర్కొనును. కావున నతని నీనాఁటి యర్థమున నాస్తికుఁ డనరాదు. అయినను ధర్మమునకు ఫలముగా స్వర్గమును జెప్పుట వేఱు, ధర్మమునకు మూలముగా నీశ్వరాజ్ఞను జెప్పుట వేఱు. మొదటిది యెఱ్ఱగుడియందుఁ గలదు, రెండవది లేదు.

పదుమూఁడవ ప్రధానశాసన మింకను లోఁతునకుఁ బోవును. పట్టాభిషేకమైన యెనిమిదేండ్లకుఁ గళింగము జయింపఁబడినది. లక్షయేఁబదివేలమంది చెఱగొనిపోఁబడిరి, లక్షమంది చంపఁబడిరి, అంతకుఁ బెక్కురెట్లు మరణించిరి. దీనికి రాజు పశ్చాత్తాపపడెను. ఆ పశ్చాత్తాపమునకు హేతు వేమి? దేవతాకోపము గాదు, నరకభయము గాదు. బ్రాహ్మణులు, శ్రమణులు, తలిదండ్రులను గొలిచి నెమ్మదిగా బ్రదుకు గృహస్థులు, వారి మిత్రులు, బంధువులు పడిన వేదన యతని మనస్సునకు బరువైనది. పరదుఃఖమును గన్నంతనే మనుష్యుని యందుఁ బుట్టు నొప్పి ధర్మమునకు మొదలనుట కింతకుఁ బ్రాచీనమగు వ్రాఁతసాక్ష్యము తెలుఁగునేల మఱొకటి కానరాదు. కళింగమందలి ధౌలి జౌగడలలో నీ పశ్చాత్తాపశాసనము చెక్కింపఁబడలేదు. దుఃఖపడిన దేశమున దాఁచఁబడిన మాట మెట్టసీమలోఁ దెఱవఁబడినది. ఆ శాసనమందే యడవిజనులకు, రాజు పశ్చాత్తప్తుఁడైనను శక్తిహీనుఁడు గాఁడను హెచ్చరిక గూడ నున్నది. దయామూలమైన ధర్మమును దండమును పూర్తిగా విడువలేదు. ఈశ్వరుఁడు లేనిచోట రాజు నిలిచె నని యాస్తికుఁడు వాదించినచో నతనికి సమాధానము చెప్పుట సులువు గాదు.

పండ్రెండవ శాసనమున మతములయెడ నడవవలసిన తీరు గలదు. తన మతముపై మక్కువచేఁ బరమతమును నిందించువాఁడు తన మతమునకే చేటు చేయుచున్నాఁడని దాని తాత్పర్యము. ఈ మాటను శ్రీశైలశాసనముపట్ల మరలఁ దలఁచుకొనవలసి యుండును.

ఎఱ్ఱగుడినుండి యించుమించు వేయిన్నూఱేండ్లు దాఁటి కడపమండలమునకు రావలయును. జమ్మలమడుగు ప్రాంతమునఁ బెన్నయొడ్డున దానవులపాడు గలదు. ఇసుకలోఁ బూడిన జైనాలయమును 1903లో పురావస్తుశాఖవారు త్రవ్వి వెలికిఁ దీసిరి. నిత్యవర్ష బిరుదముగల రాష్ట్రకూటరాజు మూఁడవ యింద్రుఁడు శాంతినాథుని యభిషేకమునకై చేయించిన పీఠమును, శ్రీవిజయుఁడను దండనాయకుని స్మారకశాసనమును నచ్చట లభించినవి. రాష్ట్రకూటుల కాలమునఁ బదియవ శతాబ్దారంభమునఁ బెన్న యొడ్డున నిది జైనులకు ముఖ్యస్థానమని వీనివలనఁ దెలియుచున్నది. శ్రీవిజయుఁడు యుద్ధములందుఁ బేరొందినవాఁడు, కవి. కత్తి పట్టిన యా చేతులతోనే తుదకు సర్వమును విడిచి సన్న్యసనవ్రతమున దేహత్యాగము చేసినట్లు శాసనము చెప్పుచున్నది.

జైనమతమున జగత్కర్త లేఁడు. శాంతినాథుఁడు వరము లిచ్చువాఁడు గాఁడు, తప్పులను మన్నించువాఁడు గాఁడు. దాఁటిపోయిన మార్గదర్శి మాత్రమే. క్షమింపువాఁడు లేని యీ దర్శనమున నహింస, సత్యము, అస్తేయము, బ్రహ్మచర్యము, అపరిగ్రహము నను వ్రతము లెంత కఠినముగా నియమింపఁబడినవో తెలియనివారు లేరు. చీమను గూడ నొప్పింపరాదను నియమము దేవునికి వెఱచి పుట్టినది గాదు. అయినను నైయాయికుఁ డిచ్చట నొక యాక్షేపము చేయును. పదియవ శతాబ్దివాఁడే యగు నుదయనుఁడు న్యాయకుసుమాంజలిలో, అచేతనమగు నదృష్టము తనంతఁ దాను ఫల మీయఁజాలదు, దాని నడపుటకుఁ జేతనుఁ డొకఁడు కావలయునని వాదించినాఁడు. జైనుఁడు కర్మము సూక్ష్మద్రవ్యమని, నిప్పు కాల్చుటకు నధికారి యక్కఱలేనట్లే దానికిని నక్కఱలేదని చెప్పును. వాద మెట్లున్నను నుదయనుని యాక్షేపమున నొక సారము గలదు: నీశ్వరుని తీసివేసినవాఁడు కర్మఫలభయమును మిగిల్చుకొన్నచో, భయమునకు నామాంతరమే పెట్టినవాఁ డగునా? దానవులపాడు శాసన మీ ప్రశ్నకు సమాధానము చెప్పదు. జగత్కర్త లేకయే కఠోరనియమమున బ్రదికి మరణించుట సాధ్యమైనదని మాత్రము చెప్పును. నాస్తికులకు నీతి యుండదను సామాన్యసూత్రమును గొట్టివేయుట కది చాలును.

మూఁడవశిల చదువుటకుఁ గష్టమైనది. శ్రీశైల మల్లికార్జునాలయ ముఖమండపస్తంభముల మీఁద శక సంవత్సరము 1433, ప్రజోత్పత్తి మాఘమాసమున, అనఁగా క్రీ. శ. 1512లో, శాంతుని కుమారుఁడు లింగఁడను వీరశైవనాయకుఁడు వేయించిన సంస్కృతశాసనము గలదు. స్వామికిఁ దాను జేసిన పెక్కు కైంకర్యములను జెప్పుచు వానితోఁబాటు శ్వేతాంబరజైనుల తలలు నఱకుటను గూడ నతఁడు పుణ్యకార్యముగాఁ బేర్కొనినాఁడు. ఇది నిజముగా జరిగినదా, గొప్పకై చెప్పుకొన్నదా యని విచారించిన పండితులకు శాసనవాక్యమే యాధారము. జరుగకున్నను దోషము తగ్గదు. చేయనిపాపమును బుణ్యమని చెప్పుకొనువాఁడు, దానిని మెచ్చు సంఘమున్నదని యెఱిఁగియే చెప్పుకొనును.

దీనిని బట్టి భక్తియే క్రౌర్యహేతువని తీర్పు చెప్పుట తొందరపాటు. పండ్రెండవ శతాబ్దమున బసవేశ్వరుఁడు దయ లేని ధర్మము ధర్మమే కాదని బోధించినవాఁడు; ఆ బోధయు, లింగని శాసనమును నొక్క సంప్రదాయమునకే చెందినవి. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున దయార్ద్రహృదయుల కథలును, జైనులతోడి తీవ్రవైరమును బ్రక్కప్రక్కనే యున్నవి. ఒకే దైవము, ఒకే గురుపరంపర. ఒకఁడు దయను నేర్చెను, ఒకఁడు నఱకుట నేర్చెను. అట్లయినచో నేది మంచి యని యెంచునది దైవవిశ్వాసము మాత్రమే కాదని తేలుచున్నది. తన దైవము చెప్పెనని తలఁచిన పలుమాటలలో దేనిని స్వీకరింపవలయునో యెన్నుకొను వివేకము మఱొకటి యుండవలయును. ఆ వివేక మీశ్వరదత్తమని యాస్తికుఁడు, మనుష్యసహజమని నాస్తికుఁడు చెప్పవచ్చును. అది కావలయునని మాత్ర మిరువురు నొప్పుకొనక తప్పదు.

కఱవుసీమలో నిట్టి విచారమునకు వేఱొక పరీక్షయుఁ గలదు. 1866 కఱవున నుయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి వేలకొలఁది జనులకు గంజియు నన్నమును బెట్టినాఁడు. జానపదగేయములు పెట్టిన కూడును గూర్చి పాడును గాని పెట్టినవాని వేదాంతమును గూర్చి పాడవు.

కందిమల్లాయపల్లెలో సమాధి యైన పోతులూరి వీరబ్రహ్మముగారి శిష్యులలో దూదేకులకులజుఁడగు సిద్ధయ్యయు, కక్కయ్యయు ముఖ్యులు. కక్కయ్యను గూర్చి సంప్రదాయమున నొక కథ గలదు. దేహమందలి చక్రములలో దేవతలు వసింతురని స్వామి సిద్ధయ్యకు బోధించుచుండఁగాఁ గక్కయ్య చాటున వినెను. ఇంటికిఁ బోయి నిదురించుచున్న భార్యను జంపి, దేహమును జీల్చి చూచెను. దేవత లెవ్వరును గానరామి స్వామి యబద్ధమాడె నని వచ్చి నిలఁదీసెను. స్వామి యచ్చటికి వచ్చి దేవతలను జూపి, యామెను బ్రదికించె నఁట. ఆస్తికులు దీనిని గురుమహిమకును, హేతువాదులు చక్రములు లేవనుటకును బ్రమాణముగాఁ గొందురు. ఇరువురును మఱచునది యా భార్యను. పరీక్షకై నిదురించుదాని గొంతు కోయరాదని చెప్పుటకు షట్చక్రములు సత్యమో కాదో తేలవలసిన యవసరము లేదు. ఆమె బ్రదికిన తరువాత నేమనెనో కథ చెప్పదు; అడిగినవారును లేరు.

నీతికి నీశ్వరుఁ డక్కఱలేదను వాదము తెలుఁగునాట నుద్యమరూపము దాల్చినది 20వ శతాబ్దమున. గోరా యను పేరఁ బ్రసిద్ధులైన గోపరాజు రామచంద్రరావుగారు (1902–1975) 1940లో కృష్ణామండలమునందలి ముదునూరున నాస్తికకేంద్రమును స్థాపించిరి. 1947లో నది విజయవాడకు మాఱినది. దైవముపై భారము వేయువాఁడు తన కర్తవ్యమును విడుచునని, నాస్తికుఁడైనవాఁడే తన పనికిఁ దాను బాధ్యుఁడగునని వారి వాదము. సేవాగ్రామమున వారితో మాటలాడిన గాంధిగారు 1931 నాఁటికే దేవుఁడే సత్యమను మాటను మార్చి సత్యమే దేవుఁడను నిశ్చయమునకు వచ్చియుండిరి. గోరాగారి కుమార్తె వివాహమును హరిజనవరునితో సేవాగ్రామమున జరిపింపఁ దలఁచి, దైవనామమునకు మాఱుగా సత్యనామమున దానిని జరుపుటకు గాంధిగా రంగీకరించిరి. వారి మరణానంతరము 1948లో నా వివాహ మచ్చటనే జరిగినది. అస్పృశ్యతానివారణమను పనియం దాస్తికుఁడును నాస్తికుఁడును గలిసిరి. మూలమును గూర్చిన భేద మట్లే నిలిచినది.

ఈ వివాదమున నిరుపక్షములవారును సాక్షిగాఁ బిలుచువాఁడు వేమన. పూర్వము కడపమండలమునఁ జేరియుండిన కదిరి ప్రాంతపుఁ గటారుపల్లెలో నతని సమాధి గలదు. విగ్రహారాధనమును, కులమును, తీర్థయాత్రలను దూఱిన పద్యములును, శివయోగమును గురుభక్తిని బొగడిన పద్యములును నతని పేరనే యున్నవి. 1928లో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వేమనపై నిచ్చిన యుపన్యాసములందు యోగిని, హాస్యకారుని, సంఘవిమర్శకుని గూడఁ బరిశీలించిరి. 1969లో సాహిత్య అకాడమీకై వ్రాసిన నార్ల వేంకటేశ్వరరావుగారి కతఁడు ముఖ్యముగా మానవతావాది. ఎవరి వేమన నిజమైనవాఁడు? ఇది తత్త్వప్రశ్న కాక ముందు పాఠప్రశ్న. 1820లోఁ గడపకు వచ్చిన బ్రౌనుదొర 1824లో ఫ్రెంచి పాదిరి దుబాయి గ్రంథమున వేమన ప్రశంసఁ జూచి వ్రాఁతప్రతులను సేకరింప మొదలిడెను. 1829లో 693 పద్యములను, 1839లో 1164 పద్యములను బ్రకటించెను. తరువాతి సంపుటములలో నాసంఖ్య వేలకుఁ బెరిగినది. వేమన మకుటము తగిలించి యెవ్వఁడైనను నాటవెలఁది చెప్పవచ్చును, చెప్పినవారును బెక్కురు. బ్రౌను చేర్చిన ప్రతులు చెన్నపురి ప్రాచ్యలిఖితపుస్తకభాండాగారమున నున్నవి. వానిని కాలమునుబట్టియు, దొరకిన యూరినిబట్టియు వేఱుచేసి, దైవదూషణపద్యములు ప్రాచీనప్రతులందు హెచ్చో, యోగపద్యములు హెచ్చో లెక్కించువఱకు నాస్తికుఁడు పిలిచిన వేమనయు, నాస్తికుఁడు కాఁడనువాఁడు పిలిచిన వేమనయు వారు వారు తమకై యేఱుకొన్న పద్యములే యగును.