అధికారం చేతికి వచ్చిన దినమున



అధికారం లేనప్పుడు న్యాయం గురించి మాట్లాడడం సులువే. అదే అధికారం మన చేతికి వచ్చిన దినమున మనం ఏమి చేస్తామన్నదే అసలైన పరీక్ష. ఆ పరీక్షకు నిలిచిన ఒక దైవసేవకుణ్ణి ఈ దినము జ్ఞాపకం చేసుకుందాం.

1910లో స్కాట్లాండులోని ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. తిరునల్వేలి ప్రాంతం నుండి మన తెలుగువారి మధ్యకు మిషనరీగా వచ్చిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు అక్కడ మాట్లాడారు. పాశ్చాత్య మిషనరీల త్యాగాన్ని ఆయన మెచ్చుకున్నారు. అయితే వారికీ భారతీయ సేవకులకూ మధ్య నిజమైన స్నేహం కొరవడిందని నిర్మొహమాటంగా చెప్పారు. తమకు స్నేహితులను ఇవ్వమని అడిగారు.

రెండేళ్లు గడిచాయి. 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథీడ్రల్‌లో ఆయన దోర్నకల్ బిషప్పుగా అభిషేకించబడ్డారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు ఆయనే. ఒక భారతీయుని క్రింద తెల్లవారు ఎలా పని చేస్తారని అభ్యంతరపెట్టిన వారూ ఉన్నారు. నిన్న స్నేహం కోరిన మనిషికి నేడు అధికారం వచ్చింది. మరి ఆయన ఏమి చేశారు?

నేడు మహబూబాబాద్ జిల్లాలో ఉన్న దోర్నకల్ అప్పుడు నిజాం రాజ్యంలోనిది. ఆయన పరిచర్యలో సంఘంలో చేరిన వారిలో ఎక్కువమంది మాల, మాదిగ పేటలలోని పేద కూలీలు. దొరల మాటకు తల వంచడం అలవాటైన ఆ ప్రజలకు బిషప్పు మరొక దొర కావడం ఎంత తేలిక! అజరయ్యగారు ఆ త్రోవ పట్టలేదు. తమిళం మాతృభాష అయినా తెలుగు నేర్చుకున్నారు. ఎడ్లబండిలో పల్లెపల్లెకు వెళ్లారు. బాప్తిస్మము పొందిన వారు తమ తలపై చేయి ఉంచుకొని, పౌలువలె తామూ సువార్త ప్రకటించవలసిన వారమని ఒప్పుకొనేలా నేర్పారు. పేద ఇల్లాలు వంట వేళ తీసిపెట్టిన పిడికెడు బియ్యం సంఘానికి ఆధారమైంది. సహాయం పొందేవారు ఇచ్చేవారయ్యారు, వినేవారు చెప్పేవారయ్యారు.

ఇంకొక సంగతి. 1919లో తరంగంబాడిలో వివిధ సంఘాల సేవకులు కూడుకొని ఐక్యత కోసం పిలుపునిచ్చారు. అందులో అజరయ్యగారు ముఖ్యులు. తన పీఠాన్ని కాపాడుకోవాలని చూసే నాయకుడు తన సంఘాన్ని ఇతరులతో కలపడానికి పాటుపడతాడా? ఆ ఫలం ఆయన కన్నులారా చూడలేదు. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించారు. దక్షిణ ఇండియా సంఘం 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది.

ప్రియులారా, సంఘ పెద్దగా, కమిటీ సభ్యునిగా, ఉపాధ్యాయునిగా, తల్లిగా లేక తండ్రిగా మీకూ కొంత అధికారం ఉంది. గుడి తాళంచెవులు, లెక్కల పుస్తకం, ఆఖరి మాట ఎవరి దగ్గర ఉన్నాయన్న దాని మీదనే కొన్ని సంఘాలు చీలిపోతున్నాయి. మీ అధికారం క్రింద ఉన్నవారు మీ యెదుట నోరు విప్పగలుగుతున్నారా? మీరు లేని దినమున వారు తమ కాళ్లపై నిలువగలరా? శిష్యుల పాదములు కడిగిన ప్రభువు మనలను అడిగే లెక్క ఇదే.

ఆ లెక్క అప్పగించగల కృప ఆయన మనకు దయచేయును గాక. ఆమేన్.