గమాక్సిన్ పొడిని విప్పిన సూక్ష్మజీవులు

ఒకప్పుడు చీమల బారులమీదను, నల్లులు దాగు మంచపు కోళ్ళ సందులలోను చల్లెడి గమాక్సిన్ పొడిని పెద్దవారెరుగుదురు. దాని ముక్కవాసన ఇల్లంతయు రోజుల తరబడి నిలిచెడిది. రైతులు దానినే బి.హెచ్.సి. యనిరి.

ఈ పొడి కథ పురుగులతో ఆరంభము కాలేదు. 1825లో లండనునందు మైకేల్ ఫారడే బెంజీనును కనుగొని, దానిని క్లోరినుతో కలిపి యెండలో నుంచగా ఒక ఘనపదార్థ మేర్పడెను. ఆరు కర్బనములు వలయముగా కూడి, ఒక్కొక్కదానికి ఒక క్లోరిను, ఒక ఉదజని తగులుకొనిన అణువది. క్లోరినులు వలయమునకు ఏ వైపున నిలుచునో దానినిబట్టి యా యణువునకు పలు రూపములు గలవు. ఇందలి గామా రూపమునకు, 1912లో వానిని వేరుపరచి చూపిన డచ్చి రసాయనికుడు వాన్ డెర్ లిండెన్ పేరిట లిండేను అను నామము కలిగెను. పురుగులను చంపు శక్తి ప్రధానముగా గామాదేయని 1940 దశకారంభమున తేలెను.

చిక్కంతయు ఇచ్చటనే యున్నది. కర్మాగారమున తయారైన పొడిలో గామా నూటికి 10 మొదలు 15 పాళ్ళు మాత్రమే. తక్కిన ఆల్ఫా, బీటా, డెల్టా రూపములవలన రైతునకు లాభము స్వల్పము. అందును బీటా మిక్కిలి మొండిది. క్రొవ్వులో చేరి, పాలలోనికిని వచ్చును. ఇతర దేశములలో పలుచోట్ల గామాను వేరుచేసి యమ్మి, మిగిలినదానిని గుట్టలుగా పోసిరి. మనదేశమున వేరుచేయని పొడినే చేలకు విరివిగా చల్లిరి. ఈ రెంటిలో ఏది తక్కువ కీడో నిర్ణయించుట కష్టము.

మరి నేలలో చేరిన యీ విషమేమగును? ఫిలిప్పీన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో రఘు, మాక్రే అను శాస్త్రజ్ఞులు నీరు నిలిచిన వరిమడి మట్టిని పరీక్షించి, అందు గామా క్షీణించుచున్నదని 1966లో ప్రకటించిరి. సూక్ష్మజీవులను నశింపజేసిన మట్టిలో మాత్రము అది నిలిచియుండెను. పని చేయునది మట్టి కాదు, మట్టిలోని ప్రాణియని దీనివలన తెలిసినది.

పన్నెండేండ్లు ఏటేట లిండేను చల్లిన జపాను ప్రయోగక్షేత్రమున, గాలి తగులు నేలలోనే దానిని క్షీణింపజేయు బాక్టీరియా దొరికినట్లు 1989లో వెల్లడియయ్యెను. మరుసటి యేడే కటకములోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు చెందిన సేతునాథన్ బృందము పైరువేళ్ళ నంటిన మట్టినుండి తీసిన మరియొక బాక్టీరియాను వర్ణించెను. అది బీటానుగూడ విడువలేదు.

ఈ బాక్టీరియాల ఆయుధములు లిన్-ఏ, లిన్-బి మొదలగు ఎంజైములు. లిన్-ఏ క్లోరినును, దాని ప్రక్కనున్న ఉదజనిని కలిపి యూడదీయును. అందుకు ఆ రెండును వలయమునకు చెరియొక వైపున నిటారుగా నిలువవలెను. బీటాలో క్లోరినులన్నియు వలయపు అంచువెంబడి బయటికి చాచియుండుటచే లిన్-ఏకు పట్టు చిక్కదు. లిన్-బి మార్గము వేరు. ఎంజైములోని యొక భాగము కర్బనమును వెనుకనుండి పట్టుకొనగా క్లోరిను జారిపోవును. పిదప నీటి యణు వొకటి వచ్చి యా పట్టును విడిపించును. ఈ విధానమునే నెదర్లాండ్సులోని గ్రోనింగెన్ శాస్త్రజ్ఞులు 1993లో మరొక బాక్టీరియా ఎంజైమునందు స్పష్టపరచిరి. అయినను బీటానుండి ఒకటి రెండు క్లోరినులు పోయిన పిమ్మట పని చాలవరకు అచ్చటనే నిలిచిపోవును.

భారతదేశమున బి.హెచ్.సి.ని 1997లో నిషేధించిరి. లిండేను వాడుక 2013లో ఆగినది. లక్నో చేరువనున్న ఉమ్మరి గ్రామమున కర్మాగారపు వ్యర్థము పోసిన నేల మాత్రము మిగిలెను. అట్టి కలుషితమైన మట్టికై, కటకపు బాక్టీరియా సంతతిని గింజలొలిచిన మొక్కజొన్న కండెలలో నిలువచేసి, మట్టిలో కలిపి చూచిన ప్రయోగముల ఫలితములను ఢిల్లీ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2008లో ప్రకటించిరి. మట్టి యెండిపోయినచో ఆ జీవులు పనిచేయవు గనుక, దానిని తడుపుచునే యుండవలెను.