రెక్క విప్పి చూడండి

తెనాలి. తెల్లవారి ఐదున్నర. మెట్ల దగ్గరే చెప్పులు విప్పేయమంటాడు పావురాలు పెంచే కుర్రాడు. మర్యాదకి కాదు. నిన్న మీరు ఇంకెవరి గూళ్ల దగ్గరన్నా తిరిగి ఉంటే, ఆ రెట్ట చెప్పులకంటుకుని ఇక్కడి దాకా వస్తుందని. ఈ మాత్రం జాగ్రత్త ఉన్నవాడు తక్కిన విషయాల్లో ఎందుకు తొందరపడుతున్నాడో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

డాబా ఎక్కగానే ముందు వాసన తగులుతుంది, తడి రెట్టదీ పాత చెక్కదీ కలిసి. కింద కాలువ గట్టు మీద పాల క్యాన్ల చప్పుడు. గూళ్లలో పావురాలు గుటగుటమంటున్నాయి.

"మూడ్రోజుల్నించీ మేత ముట్టట్లేదండీ," అంటూ బూడిదరంగు పెంటిని మీ చేతిలో పెడతాడు. కాళ్లు చూపుడువేలికీ మధ్యవేలికీ మధ్య ఇమడ్చండి. బొటనవేలు రెక్కల కొసల మీద ఆనించండి. రెండో చెయ్యి రొమ్ము కింద. ఇప్పుడు రొమ్ము ఎముక తడమండి. అంచు వేలికి గుచ్చుకుంటోంది, అటూ ఇటూ కండ లేదు. మూడు రోజుల పస్తుకి ఇంతలా చిక్కదు. ఇది కొన్ని వారాలుగా జరుగుతున్న వ్యవహారం. కుర్రాడి కంటపడింది మొన్న.

రెక్క విప్పండి, మెల్లగా, తూర్పు వెలుతురుకి అడ్డంగా పెట్టి. పెద్ద ఈకల పాయల సందుల్లో సన్నటి నల్ల గీతలు కనిపిస్తున్నాయా? అవి ఈకపేలు. రక్తం తాగవు, ఈకలోని నూగు తింటాయి. ఆరోగ్యంగా ఉన్న పావురం ముక్కుతో ఈకలు దువ్వుకుంటూ వాటిని తనే నలిపేస్తుంది. ఆ పని చేసేది పై ముక్కు చివర కొద్దిగా కిందికి వంగి ఉండే కొన. అందం కోసం దాన్ని కత్తిరించేవాళ్లున్నారు. అలా కత్తిరించిన పక్షికి పేలు పెరగక ఏమవుతాయి?

చంక దగ్గర ఈకలు ఊదారో లేదో, చదునుగా ఉన్న నల్ల ఈగ ఒకటి పక్కవాటుగా జారి అవతలి రెక్క కిందికి దూరింది. చూశారా? రెండోది మీ చొక్కా కాలరు మీద వాలింది. కుట్టినా కుడుతుంది, దులిపేయండి. అసలు దొంగ ఇదే, పావురం ఈగ. రక్తం తాగడంతో ఊరుకోదు, హీమోప్రోటియస్ అనే రక్తజీవిని ఒక పక్షి నుంచి ఇంకో పక్షికి చేరవేస్తుంది. మలేరియా జీవికి దగ్గరి చుట్టం అది. రొనాల్డ్ రాస్ మన సికింద్రాబాదులో 1897 ఆగస్టులో దోమ పొట్టలో మలేరియా జీవిని చూశాడని బళ్లో చదువుకున్నాం కదా. తొమ్మిదేళ్లకి, 1906లో, అల్జీరియాలో సెర్జాంట్ సోదరులు ఈ ఈగ గుట్టు బయటపెట్టారు. ఆ సంగతి మన డాబాల మీదికి ఇంకా పూర్తిగా ఎక్కినట్టు లేదు.

ఇప్పుడు గూట్లో చెయ్యి పెట్టి అడుగున ఉన్న గడ్డి పైకెత్తండి. మినపగింజలంత నల్లటి గుళ్లు నాలుగైదు. మేతలోంచి రాలిన మినుములేననుకుని కుర్రాడు ఇన్నాళ్లూ ఊరుకున్నాడు. ఒకటి గోటితో నొక్కితే తడిగా చిట్లింది. ఈగ కోశస్థ దశ అది. ఈ ఈగ గుడ్లు పెట్టదు, ఎదిగిన పురుగునే ఒక్కొక్కటిగా కంటుంది. అది వెంటనే ఇలా గట్టిపడి, మూడు నాలుగు వారాల్లో ఈగై లేస్తుంది. అందుకని రెండు వారాలకోసారి గడ్డి మొత్తం తీసి కాల్చేస్తే పురుగు ఈగయ్యే లోపే బూడిదవుతుంది. పైసా ఖర్చు లేదు. ఎత్తే ముందు రెట్ట మీద నీళ్లు చల్లండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి. ఆ ఎండు ధూళి ఏళ్ల తరబడి పీలిస్తే మనిషి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

ఎర్ర నల్లులు మాత్రం పగలు కనిపించవు, చెక్క పగుళ్లలో దాక్కుంటాయి. రాత్రి పదింటికి టార్చి పట్టుకుని రండి, వాలుకర్ర అడుగున తెల్లగుడ్డతో తుడవండి. ఎర్ర చారలు పడితే సున్నం, బ్లో లాంప్ గూటికి. పక్షికి కాదు. పురుగు మందు పొలంలో కొట్టేదే కదా అని పావురాల మీద చల్లేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు, తెల్లారేసరికి వాళ్లకే తెలుస్తుంది.

కుర్రాడు జేబులోంచి చిన్న సీసా తీశాడు. గొడ్లకి సూదేసే ఐవర్‌మెక్టిన్. "ఒక్క చుక్క నోట్లో వేసేద్దామండీ." ఆగి లెక్క వేద్దాం. ఆ సీసాలో మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాముల మందు. కిలో బరువుకి సుమారు 0.2 మిల్లీగ్రాములు డాక్టర్లు ఇచ్చే మోతాదు. పావురం 350 గ్రాములుంటే దానికి కావలసింది 0.07. ఒక చుక్కలో ఉండేది దాదాపు అర మిల్లీగ్రాము. ఏడింతలు! పైగా కడుపులో ఉన్నది బద్దె పురుగైతే దాని మీద ఈ మందు పనిచెయ్యదు. మేకలకి వేసే ఫెన్‌బెండజోల్ అయితే ఇంకా ముప్పు. పావురాల్లో అది ఎముక మజ్జని దెబ్బతీస్తుంది, కొత్తగా మొలిచే ఈకలు వంకరపోతాయి. సీసా మళ్లీ జేబులోకి వెళ్లింది. మొహం మాత్రం చిన్నబోయింది.

రేపల్లె బండెక్కుదాం. వేమూరు, భట్టిప్రోలు, పల్లికోన దాటితే రేపల్లె. అక్కడితో పట్టాలు ఆగిపోతాయి. దారంతా చేలే. వరి కోశాక మినుము, పెసర, కొన్నిచోట్ల దున్నకుండానే వేసిన జొన్న, మొక్కజొన్న. పావురానికి కావలసిన మేత ఈ కిటికీలోంచే కనిపిస్తోంది.

రేపల్లెలో ఒక వాకిట్లో మామ్మగారు చేటతో నూకలు చల్లుతున్నారు. "మా ఇంట బియ్యానికి కొదవేంటి నాయనా, పొద్దునా సాయంత్రం ఇవే." పావురాలు ఎగబడి తింటున్నాయి. తింటున్నాయి సరే, పిల్లల్ని చూడండి. రెండు వారాలవి, మెడలు సన్నం, ఈకలు పలచన. నూకల్లో పిండే ఎక్కువ, మాంసకృత్తులు తక్కువ. గుడ్లు పెట్టే రోజుల్లోనూ పిల్లల్ని సాకే రోజుల్లోనూ నాలుగింట ఒక వంతు పెసల్లాంటి పప్పుగింజలుండాలి. తక్కింది జొన్న, సజ్జ, గోధుమ, సన్న మొక్కజొన్న. పెద్ద పావురానికి రోజుకి 30, 35 గ్రాములు సరిపోతాయి. పొద్దస్తమానం రాశి పోసి ఉంచితే నచ్చిన గింజ ఏరుకుని మిగతావి చిమ్మేస్తాయి. పావుగంటలో తినగలిగినంతే, రెండు పూటలా వేయండి. ఇంకో మాట. పొలంలో మిగిలిన విత్తనాలు తెచ్చి వేయకండి. గులాబీ రంగు పూసి ఉంటే అది మందు పట్టించిన విత్తనం, పక్షికి విషం.

కొన్నిటి గురించి "తినట్లేదు" అన్న మాట మామ్మగారూ అంటారు. ఎలా తినట్లేదో కూర్చుని చూద్దాం. మూలనున్న పిల్ల నోరు తెరుస్తోంది, మేత దిగట్లేదు. ముక్కు విప్పి లోపలికి చూడండి, గొంతులో పసుపుపచ్చని గడ్డ, దుర్వాసన. ట్రైకోమోనాస్ అనే సూక్ష్మజీవి. మొదటి నాలుగైదు రోజులు తల్లీ తండ్రీ ఇద్దరూ మెడ సంచిలోంచి తెప్పించే పాలే పిల్లకి ఆహారం, ఆ పాలతోనే ఇదీ వచ్చింది. అంటే పెద్దవాటికీ వైద్యం కావాలి. గడ్డ గీకితే రక్తం ఆగదు, ముట్టుకోకండి. అందరూ తాగే నీళ్ల మూకుడు రోజూ కడిగి ఎండలో బోర్లించండి. పొడిగా ఆరితే ఆ జీవి బతకదు. కళ్ల చుట్టూ, ముక్కు మొదట్లో పొక్కులు కూడా ఉంటే అది మశూచి లాంటి పాక్స్, దోమలు మోసుకొచ్చింది. డెల్టాలో దోమలకేం కరువు!

గోడ పక్క పోతు వేరే రకం. ఆకలి ఉంది, గింజ మీదికి వంగుతోంది, గురి తప్పుతోంది. మెడ కాస్త తిరిగిపోయింది, నీళ్లు తెగ తాగుతోంది. కోళ్ల కొక్కెర రోగానికి తోడబుట్టిన వైరస్ ఇది, నులిపురుగుల మందుకి లొంగదు. విడిగా ఉంచి, లోతైన గిన్నె నిండా గింజలు పోస్తే ముక్కు ఎక్కడ పెట్టినా గింజ తగులుతుంది. ఓపికగా సాకితే వారాల్లో చాలావరకు కోలుకునేవి ఉన్నాయి.

సాయంత్రానికి బాపట్ల. 1945లో పెట్టిన వ్యవసాయ కళాశాల ఉన్న ఊరు, ఇసుక నేలల్లో వేరుశనగ పండే ఊరు. మిద్దె మీద పెద్దాయన పావురాలకి పల్లీలంటే ప్రాణమంటారు. నిజమే. బస్తా అడుగున చెయ్యి పెట్టి చూడండి, ముక్కవాసన. ఆ వాసన బూజుది. అందులోని అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని తినేస్తుంది. కడిగినా వేయించినా పూర్తిగా పోదు. బస్తా పారబోయించండి, బతిమాలైనా సరే.

ఆయన చేసే ఒక పని మాత్రం మెచ్చుకోవాలి. సూర్యలంక తీరం నుంచి గవ్వలు, చిప్పలు తెచ్చి, ఉప్పు పోయేదాకా మంచినీళ్లలో నానబెట్టి, ఎండబెట్టి, రోట్లో దంచి వేరే గిన్నెలో పెడతారు. పావురం గింజ నమలదు. కందనకాయలో గింజ నలగడానికి గరుకు రాళ్లుండాలి, గుడ్డు పెంకుకి సున్నం కావాలి. ఈ ఒక్క గిన్నె లేకనే చాలాచోట్ల మెత్తటి గుడ్లు పడుతున్నాయి.

తెనాలి కుర్రాడికి ఫోన్ చేసి చెప్పండి. పొద్దున్నే ఆ పెంటిని గాలాడే అట్టపెట్టెలో పెట్టి పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లమనండి. కింద పరిచిన కాగితం మీది ఆ పూట రెట్టని మూత డబ్బాలో పట్టుకెళ్లాలి. నిన్నటిది ఎండిపోతుంది, సూక్ష్మదర్శినిలో పురుగు గుడ్లు సరిగా తేలవు. పావురాన్ని అక్కడే తూకం వేయించమనండి. జేబులో సీసా కూడా డాక్టరుకి చూపించమనండి.