పెట్టెలో ఉత్తరాలు

మెట్‌పల్లిలో మా పక్కింటి అత్తమ్మకు ఓ రేకు పెట్టె ఉంది. పట్టుచీరలు అనుకునేరు! అన్నీ ఉత్తరాలే. 1980లలో ఆమె పెనిమిటి దుబాయి నుంచి రాసినవి. వాటి నడుమ రెండు క్యాసెట్లు. రాయడానికి ఓపిక లేనినాడు గొంతు నింపి, ఊరికొచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవాడట.

ఇప్పుడు కొడుకూ దుబాయిలోనే. మొన్న ఆమె అడిగింది: "ఆయన ముచ్చట్లు పెట్టెల ఉన్నయి. మరి పోరడు పంపే ఫోటోలు ఏడుంటయి బిడ్డా?"

"ఫోన్లో" అనబోయి ఆగాను. పాత ఫోను నీళ్ళలో పడినా, కొత్తదాంట్లో ఫోటోలన్నీ మళ్ళీ ప్రత్యక్షమయ్యాయి కదా!

కథ చాలా వెనక్కి వెళ్తుంది. మన దేశంలో 1850లో కలకత్తా నుంచి డైమండ్ హార్బరు దాకా తంతి వేశారు. టెలిగ్రాం వచ్చిందంటే, విప్పకముందే ఇంట్లో ఏడుపులు! 2013 జూలైలో ఆ సేవ ముగిసింది. ట్రంకాల్ బుక్ చేసి గంటలు కూర్చునే అవస్థకు 1960లో లక్నో, కాన్పూరుల మధ్య మొదలైన ఎస్టీడీ విరుగుడు. 1984లో ఏర్పడ్డ సి-డాట్ పల్లెల కోసం చిన్న ఎక్స్ఛేంజీ తయారుచేసింది. ఎండకూ దుమ్ముకూ ఓర్చుకునేది, ఏసీ గది అడగనిది. 1995లో ఇంటర్నెట్ జనానికి అందింది. 1997లో ఫుజైరానూ ముంబయినీ కలుపుతూ సముద్రం అడుగున ఫ్లాగ్ కేబుల్ పనిచేయసాగింది.

ఇవన్నీ దారులు. మరి ఇల్లు? అదే డేటా సెంటరు. కొన్ని సంస్థలు సొంతంగా కట్టుకుంటాయి. కొన్నింటిలో బీరువా మనది, గది వాళ్ళది: కంప్యూటరు తెచ్చి పెట్టుకుంటే కరెంటు, చల్లదనం, కాపలా, బయటికి దారులు వాళ్ళు చూసుకుంటారు. హైదరాబాదులో 2007లో మొదలైన కంట్రోల్‌ఎస్ ఆ బాపతే. నాలుగో శ్రేణి కేంద్రమంటే ఏడాదికి సుమారు 26 నిమిషాలకు మించి ఆగరాదు. అందుకే కరెంటుకు రెండు తోవలు, పైన జనరేటర్లు, కేబుళ్ళు వేర్వేరు వైపుల నుంచి. ఏసీ లేకుండా మాత్రం క్షణం బతకదు, పాపం! ఊళ్ళకు దారి వేసే టీ-ఫైబర్ కోసమైతే, మిషన్ భగీరథ నీళ్ళ గొట్టాలకు తవ్విన కందకాలనే వాడుకున్నారు. నీళ్ళకూ మాటలకూ ఒకటే కాలువ!

అంతా విని అత్తమ్మ ఒకే మాటంది: "పరాయి ఇంట్ల దాసుకునుడన్నట్టు. కిరాయి కట్టకపోతే?"

నా దగ్గర జవాబు లేదు. ఖాతా మూతపడితే, సంకేతపదం మరిచిపోతే, ఏ తలుపు తట్టాలి? ఉత్తరానికి ఆ బెంగ లేదు. చెద పట్టకుండా చూసుకుంటే చాలు.

మర్నాడు స్టూడియోకి వెళ్ళి కొడుకువి పది ఫోటోలు కాగితం మీద తీయించింది. రేకు పెట్టె తెరిచి, ఉత్తరాల పక్కన సర్దింది.

"ఆడ ఒకటుండనీ, ఈడ ఒకటుండనీ" అంది తాళం వేస్తూ.

నవ్వొచ్చింది నాకు. డేటా సెంటరు వాళ్ళు కోట్లు పోసి చేసే పనీ అదే మరి!